కవర్లో పెట్టిన రెండు ముక్కలు

చిట్టీ, బుజ్జీ,

ఇద్దరూ బాగున్నారు కదా. ఈ కవర్లో రెండు నల్లటి ప్లాస్టిక్ ముక్కలు పెట్టాను. ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒకటి కొత్తదానిలాగే ఉంది, రెండోది అరిగి అరిగి ఓ పక్క పల్చబడిపోయింది. చెత్త అనుకుని పారేసేరు, జాగ్రత్త. వాటి సంగతి తర్వాత చెప్తాను.

మొన్న ఫోన్లో బుజ్జిగాడు ఒక ప్రశ్న అడిగాడు. "బైక్ రేసు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండి నడుపుతూనే ఉంటావా పెదనాన్నా?" అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ తర్వాత కూర్చుని లెక్క వేశాను. పొద్దున ప్రాక్టీసు 20 నిమిషాలు. ఎవరు ఎక్కడ నిలబడి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫైయింగ్ ఇంకో 20. మధ్యాహ్నం 10 ల్యాపుల రేసు, అంటే ట్రాక్ చుట్టూ పది చుట్లు. అన్నీ కలిపినా గంట దాటదు. ఆ గంట కోసం తెల్లవారుజామున లేస్తాను. మిగతా రోజంతా స్పానరు పట్టుకుని బండి పక్కన కూర్చోవడమో, నా వంతు కోసం ఎదురుచూడటమో. రేసంటే ఇదా అని నీరసపడకండి, అసలు సంగతులన్నీ అక్కడే ఉన్నాయి.

ముందు బండికి పరీక్ష జరుగుతుంది. స్కూల్లో మీ పరీక్షకంటే కఠినం. అద్దాలు, లైట్లు అప్పటికే విప్పేసి ఉండాలి, బండి పడితే గాజు పెంకులు దారి మీద చెల్లాచెదురు అవుతాయి కాబట్టి. రేడియేటర్లో దుకాణంలో దొరికే కూలెంట్ పొయ్యకూడదు, ఉత్త నీళ్లే. కూలెంట్ కారితే నూనెలా జారుడుగా ఉంటుంది, తొందరగా ఆరదు. వెనకాల వచ్చేవాడు దానిమీద చక్రం వేశాడంటే అంతే సంగతులు. నీళ్లయితే కాసేపటికి ఆరిపోతాయి. ఇంజన్ కింద తొట్టిలాంటిది ఒకటి ఉంటుంది. ఇంజన్ పగిలినా ఆయిల్ అందులోనే ఉండిపోవాలి. గమనించారా, ఈ రూల్స్‌లో చాలావరకు నా కోసం కాదు, నా వెనక వచ్చేవాడి కోసం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఆయిల్ బోల్టుకు తీగ కట్టడం. బోల్టు తలకు సన్నటి బెజ్జం వేస్తాం. అందులోంచి స్టీలు తీగ దూర్చి, రెండు కొసలూ జడలా మెలిపెట్టి, ఇంజన్ మీద ఇంకోచోట బిగిస్తాం. తీగ ఎప్పుడూ బోల్టు బిగుసుకునే వైపుకే లాగుతూ ఉండాలి. అప్పుడు ఇంజన్ ఎంత వణికినా బోల్టు ఊడదు. మొదటిసారి కట్టినప్పుడు నేను ఉల్టా కట్టాను. పరీక్ష చేసే పెద్దాయన ఒక్క మాటా అనలేదు. వేలితో తీగను ఓసారి తట్టి, నా మొహం చూసి, పక్కకు వెళ్లమని చెయ్యి ఊపాడు. ఆ రోజు క్యూలో మళ్లీ చివరన నిలబడ్డాను.

తర్వాత నా ముస్తాబు. కాళ్ల నుంచి మెడ దాకా ఒకటే తోలు సూటు. వీపుకీ, మోచేతులకీ, మోకాళ్లకీ లోపల గట్టి రక్షణలు. బండి మీద వంగి కూర్చునేందుకు కుట్టింది కాబట్టి దాంతో నిటారుగా నడవలేం. నేను నడుస్తుంటే మీ పెద్దమ్మ ఎలుగుబంటి వస్తోందంటుంది. ఇప్పుడు లోపల ఎయిర్‌బ్యాగ్ ఉండే సూట్లు కూడా వచ్చాయి. పడుతున్నామని గ్రహించి, మనం నేలను తాకకముందే ఉబ్బిపోతాయి. బైక్ రేసుల్లో అన్నిటికన్నా పెద్ద పోటీ మోటోజీపీ, అందులో 2018 నుంచి అది తప్పనిసరి చేశారు.

ఈలోగా టైర్లు దుప్పట్లు కప్పుకుని ఉంటాయి. నిజంగా దుప్పట్లే, కరెంటుతో వేడెక్కేవి. సుమారు 80 డిగ్రీల దాకా కాచి ఉంచుతాం. రేసు టైరు రబ్బరు చల్లగా ఉంటే గట్టిగా ఉంటుంది, నేలను పట్టుకోదు. వేడెక్కితే మెత్తబడి అతుక్కుంటుంది. ఒక టైరు నేలకు తగిలే చోటు ఎంతో తెలుసా? మీ అరచేతిని నేల మీద పెట్టండి, దాదాపు అంతే. నేనూ బండీ కలిసి 250 కిలోల పైచిలుకు. ఆ బరువంతా అలాంటి రెండు అరచేతుల మీద పరుగెత్తుతుంది. ఈ వేడి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ట్రాక్ మీదకి. అందరూ బండి ఎంత స్పీడు పోతుందని అడుగుతారు. తిన్నగా ఉన్న దారిలో యాక్సిలరేటర్ తిప్పడానికి తెలివేం అక్కర్లేదు, మణికట్టు ఉంటే చాలు. అసలు పని బ్రేకు. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. చాలా గట్టిగా బ్రేకు పడితే ఆ స్పీడు నుంచి ఆగడానికి దాదాపు 127 మీటర్లు కావాలి. మరి 90 స్పీడులో ఉంటే? సగం అనుకుంటారు. కాదు, 32 మీటర్లు చాలు. స్పీడు రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. బుజ్జీ, ఇది నువ్వు లెక్కల పుస్తకంలో వర్గం అనే పేరుతో చదువుతావు. నాకు మాత్రం కడుపులో తెలుస్తుంది.

మలుపుకి ముందు దారి పక్కన 200, 150, 100 అని మీటర్లు రాసిన బోర్డులుంటాయి. నేను చాలాకాలం 200 దాటకముందే భయపడి బ్రేకు పట్టేసేవాణ్ణి. తర్వాత మరీ నెమ్మదైపోయి, మలుపు దాకా ఊరికే దొర్లుకుంటూ వెళ్లేవాణ్ణి. టైమంతా అక్కడే పోయేది. నాకన్నా వేగంగా వెళ్లేవాళ్లకు గుండె ధైర్యం ఎక్కువని అప్పట్లో అనుకునేవాణ్ణి. కాదు, వాళ్లకు లెక్క బాగా తెలుసు.

బండిని తిప్పడం ఇంకా తమాషా. కుడివైపు వెళ్లాలంటే హ్యాండిల్ కుడి కొసను ముందుకు నెట్టాలి. అంటే చక్రం ఒక్క క్షణం ఎడమకు తిరుగుతుంది, దాంతో బండి కుడివైపుకు ఒరుగుతుంది, ఒరిగాక ఆ వైపే తిరుగుతుంది. నమ్మకం కుదరకపోతే ఖాళీ మైదానంలో సైకిల్ మీద, కాస్త వేగంలో, ఒక్క వేలితో మెల్లగా నెట్టి చూడండి. మనందరం తెలియకుండా చేసేది ఇదే. విమానం తయారుచేసిన రైట్ సోదరులు సైకిళ్ల వ్యాపారమే చేసేవారు. వాళ్లలో విల్బర్ ఈ సంగతి పట్టుకున్నాడు. సైకిలు ఎలా తిప్పుతారని ఎంతోమందిని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారట. రోజూ చేసే పనే మరి!

చిట్టి అడిగింది, మోకాలు నేలకు రాసుకుంటే నొప్పి పుట్టదా అని. పుట్టకుండా ఉండేందుకే ఆ ప్లాస్టిక్ ముక్కలు. స్లైడర్ అంటాం, సూటుకు మోకాలి దగ్గర అంటించుకుంటాం. బండి 45 డిగ్రీలు ఒరిగిందంటే, నిలువునా బరువు ఎంతో పక్కకు పడే బలం కూడా అంతే ఉన్నట్టు లెక్క. మోటోజీపీవాళ్లు 60 డిగ్రీలు కూడా దాటేస్తారు. మన శరీరాన్ని లోపలివైపుకు వేలాడదీస్తే, అదే స్పీడులో బండి కాస్త తక్కువ ఒరిగినా సరిపోతుంది. అలా వేలాడినప్పుడు మోకాలు నేలను తాకుతుంది. నాకది కొలబద్ద. తగిలిందంటే ఇంతవరకూ ఒరిగాం, ఇక చాలు అని అర్థం. 1978, 79, 80ల్లో వరసగా ప్రపంచ ఛాంపియన్ అయిన కెన్నీ రాబర్ట్స్ వల్ల ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ఫొటోల్లో గొప్పగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు మోకాలు ఆనించడమే లక్ష్యంగా పెట్టుకుంటారు. నేనూ అలాగే చేశాను, సిగ్గుపడాల్సిన విషయం.

ట్రాక్ చుట్టూ జెండాలు పట్టుకుని మార్షల్స్ ఉంటారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటకూడదు. పసుపు మీద ఎర్ర చారలుంటే దారి జారుడుగా ఉంది. ఎరుపైతే ఆట ఆపేసి నెమ్మదిగా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే చోటికి, వచ్చెయ్యాలి. చాలా ట్రాకుల్లో వాళ్లు ఇష్టం కొద్దీ వచ్చి ఎండలో నిలబడేవాళ్లే. కప్పు ఎవరికిచ్చినా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఓ ఎర్రజెండా రోజు సంగతి చెప్తాను. క్వాలిఫైయింగ్ మధ్యలో ఎవరో పడ్డారు, అందరం పిట్‌లోకి వచ్చేశాం. పావుగంట ఆగాం. "దుప్పట్లు కప్పనా?" అంది మీ పెద్దమ్మ. "ఎందుకు, ఇప్పుడే పంపేస్తారు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ ఎత్తి చూపిస్తుంది. మళ్లీ వదిలాక, పోయిన టైమంతా ఒక్క ల్యాపులో లాగేయాలని వెళ్లాను. మా ట్రాక్‌లో వరసగా నాలుగు కుడి మలుపులు, తర్వాత ఒక ఎడమ. నాలుగూ బ్రహ్మాండంగా తిరిగాను. టైర్లు వేడెక్కాయిలే అనుకున్నాను. వేడెక్కింది కుడి అంచు మాత్రమే. ఎడమ అంచు పావుగంట నుంచీ చల్లబడుతూనే ఉంది. దాన్ని నేల తాకనే లేదు!

ఎడమకు ఒరిగాను. ముందు చక్రం మడతపడి జారిపోయింది. టక్ మని చప్పుడు, ఆకాశం, తారు, మళ్లీ ఆకాశం. పడ్డప్పుడు చేతులు గుండెకు దగ్గరగా పెట్టుకుని జారనివ్వాలి, పూర్తిగా ఆగేదాకా లేవకూడదని చెప్తారు. ఆగిపోయాననుకుని లేవబోయాను, ఇంకా జారుతూనే ఉన్నాను! లేచి ఉంటే కాలు విరిగేది. బొటనవేలు వాచింది, క్లచ్ లివర్ విరిగింది, అంతటితో పోయింది. జర్మనీలో సాక్సెన్‌రింగ్ అని ఒక ట్రాక్ ఉంది. అక్కడ 13 మలుపుల్లో 10 ఎడమవే. వరసగా ఎడమలే తిరిగి తిరిగి, కుడివైపు ఉండే 11వ మలుపు దగ్గరికి వచ్చేసరికి కుడి అంచు చల్లబడి, ప్రపంచ ఛాంపియన్లు కూడా పడుతుంటారు. ఇది తెలిశాక నా పరువు కాస్త నిలబడినట్టనిపించింది. మీ పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు. వాళ్లకు దుప్పట్లు కప్పుతానని ఎవరూ అడగలేదు కదా అంటుంది.

లివర్ మార్చి, బండిని మళ్లీ పరీక్షకు చూపించి, మధ్యాహ్నం రేసులో నిలబడ్డాను. ఎర్రదీపాలు వెలిగి, ఆరిపోయే ఆ రెండు మూడు క్షణాలున్నాయే, పరీక్ష పేపరు ఇచ్చేముందు ఉండే టెన్షన్ దాని ముందు ఏమీ కాదు. ఆరిపోగానే టెన్షన్ కూడా పోతుంది, ఆలోచించడానికి ఖాళీ ఉండదు మరి. 22 మందిలో 14వ వాణ్ణి. కానీ నా పాత టైముకంటే 4 పదో వంతుల సెకను తగ్గించాను. ఆ ఎడమ మలుపులో మాత్రం ప్రతి ల్యాపులోనూ ముసలాడిలా నడిపాను. వెనకవాళ్లు దాటేసుకుపోయారు, పోనిమ్మన్నాను.

ఇప్పుడు ముక్కలు బయటకు తీయండి. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకటి కుడి మోకాలిది, ఒకటి ఎడమది. ఏది ఏ మోకాలిదో, మా ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుందో ఎదురుగానో మీరే చెప్పాలి. అరగని ముక్క మీద ఒకే ఒక్క లోతైన గీత ఉంటుంది చూడండి. అది ఎప్పుడు పడిందో పైన రాసేశాను. జవాబు విడివిడిగా రాసి పంపండి. చిట్టీ, నువ్వు ముందే కనిపెట్టినా తమ్ముడికి చెప్పకు.

మీ
పెదనాన్న