గొర్రె తోలు మీద భూమి తగాదాలు: వేల్స్ పాదిరులు పాత దస్తావేజులు ఎందుకు దాచారు

బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో ఆబరిస్ట్‌విత్ అనే ఊరు సముద్రం ఒడ్డున ఉంటుంది. 1907లో ఏర్పడిన అక్కడి జాతీయ గ్రంథాలయానికి చేరిన పాత కాగితాల్లో కౌలు పత్రాలు, తనఖాలు, పెళ్లి ఒప్పందాలు, కోర్టు తీర్పులు, శిస్తు లెక్కలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. ఇలాంటివి జమీందారుల ఇళ్లలోనో వకీళ్ల దగ్గరో ఉండటం మామూలే. వీటిని ఏరి దాచినవాళ్లలో పల్లెటూరి చర్చి పాదిరులు కూడా ఉన్నారు. దైవసేవ చేసుకునే మనిషికి ఎవరిదో పొలం తనఖాతో ఏం పని?

ఆ పని ఏమిటో తెలియాలంటే ముందు భూమి సంగతి చూడాలి. పదో శతాబ్దపు రాజు హవెల్ ద పేరుతో నడిచిన వెల్ష్ ధర్మశాస్త్రంలో తండ్రి భూమి కొడుకులందరికీ సమాన వాటాలుగా వచ్చేది. దాన్ని శాశ్వతంగా అమ్మేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు, ఎందుకంటే అది వంశానిది. మరి డబ్బు అవసరమైతే? దానికి 'ప్రీడ్' అనే ఒప్పందం ఉండేది. నాలుగేళ్లకు భూమిని అప్పిచ్చినవాడికి అప్పగిస్తారు, బాకీ తీరకపోతే మరో నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు. మన ఊళ్లలో భోగ్యం అంటామే, దాదాపు అదే. పేరుకి తనఖా, జరిగేది అమ్మకం. ఈ పత్రాలను వరసగా చదువుకుంటూ పోతే చిన్న చిన్న వాటాలు కొన్ని కుటుంబాల చేతికి ఎలా చేరాయో కళ్లకు కడుతుంది.

1536లో, మళ్లీ 1543లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ చేసిన చట్టాలు వేల్స్‌ను ఇంగ్లండ్ న్యాయవ్యవస్థలో కలిపేశాయి. వాటాల పద్ధతి పోయింది, ఆస్తి ఇక పెద్ద కొడుక్కే. 'గ్రేట్ సెషన్స్' అనే కొత్త కోర్టులు వచ్చి 1830 దాకా నడిచాయి. పన్నెండు కౌంటీలు, మూడేసి చొప్పున నాలుగు సర్క్యూట్లు, అంటే జడ్జీలు తిరిగే ప్రాంతాలు. కోర్టు భాష ఇంగ్లీషు. రికార్డు రాసేది మాత్రం, రాజు లేకుండా క్రాంవెల్ వర్గం ఏలిన కొన్నేళ్లు తప్పిస్తే, 1733 దాకా లాటిన్‌లో. బోనులో నిలబడ్డ రైతుకేమో వెల్ష్ తప్ప మరో భాష రాదు.

ఇందులో ఒక తమాషా ఉంది. పరువునష్టం కేసుల్లో తిట్టిన మాట ఉన్నదున్నట్టు రాయాలి, లేకపోతే కేసు నిలవదు. అందుకని లాటిన్ పేరాల మధ్య హఠాత్తుగా నాలుగు వెల్ష్ తిట్లు తగులుతాయి. మామూలు జనం నోట ఆనాడు పలికిన మాటలు కోర్టు కాగితాల్లో మిగిలింది ఎక్కువగా ఈ రూపంలోనే! నాకైతే ఆ రికార్డుల్లో అన్నిటికన్నా ప్రాణం ఉన్న భాగం అదే.

ఇప్పుడు పాదిరి దగ్గరికి వద్దాం. ఊళ్లో లాటిన్, ఇంగ్లీషు, వెల్ష్ మూడూ వచ్చిన మనిషి చాలాచోట్ల ఆయనొక్కడే. పైగా ఆయన జీతమే భూమితో ముడిపడి ఉంది. పంటలో దశమభాగం, దానికి తోడు చర్చి మాన్యం. మాన్యం సరిహద్దులు రాసి బిషప్‌కు పంపాలని 1604 నాటి చర్చి నిబంధనలే చెబుతున్నాయి. పక్క రైతు గట్టు జరిపినా, భూస్వామి దశమభాగం ఎగ్గొట్టినా రుజువుగా పాత కాగితమే చూపాలి. పాత కాగితాల పిచ్చి చాలామందికి ఇలా కడుపు తిప్పలతోనే మొదలై ఉంటుందని నా అనుమానం.

హెన్రీ రోలండ్స్ సంగతే చూడండి. 1655లో ఆంగ్లెసీ ద్వీపంలో పుట్టి, అక్కడే లానిదాన్ చర్చికి వికార్‌గా, అంటే పాదిరిగా పనిచేశాడు. 1696లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే పండితుడు పారిష్‌లకు, అంటే ఒక్కో చర్చి కింద ఉండే ఊళ్లకు, ప్రశ్నపత్రాలు అచ్చువేయించి పంపాడు. ఊళ్లో ఏ రాళ్లున్నాయి, ఏ రాతప్రతులున్నాయి అని ఆరా. ఆయనతో ఉత్తరాలు నడిపినవాళ్లలో రోలండ్స్ ఒకడు. 1723లో అచ్చయిన 'మోనా ఆంటిక్వా రెస్టారాటా' ఆయనకు పేరు తెచ్చింది. ఆంగ్లెసీ క్రైస్తవానికి ముందునాటి డ్రూయిడ్ పూజారుల పీఠమని, అక్కడి రాతి సమాధులు వాళ్ల బలిపీఠాలని వాదించాడు. ఆ వాదం నిలవలేదు. ఆ సమాధులు డ్రూయిడ్ల కన్నా వేల ఏళ్లు పాతవి.

నిలిచింది ఆయన పూర్తిచేయకుండా వదిలేసిన మరో లాటిన్ రచన. తన చుట్టుపక్కల పారిష్‌లలో ఏ కుటుంబం ఏ భూమికి ఎలా వచ్చిందో అందులో రాసుకున్నాడు. దాన్ని 1846లో మొదలైన 'ఆర్కియాలజియా కేంబ్రెన్సిస్' పత్రిక అచ్చువేసింది. ఆ పత్రికను స్థాపించిన ఇద్దరూ పాదిరులే. ఊహలు కూలిపోయాయి, పొలాల చిట్టా మిగిలింది.

అదే ద్వీపం మనకు మరో రకంగా చుట్టం. గణితంలో π గుర్తును 1706లో వాడిన విలియం జోన్స్‌ది ఆంగ్లెసీయే. ఆయన కొడుకు, కలకత్తా సుప్రీంకోర్టు జడ్జిగా 1783లో మన దేశానికొచ్చిన సర్ విలియం జోన్స్, అంతకుముందు గ్రేట్ సెషన్స్‌లోని కార్మార్దెన్ సర్క్యూట్‌లో వకీలుగా తిరిగాడు. జనం భాష ఒకటి, కోర్టు భాష మరొకటి అన్న టెన్షన్ ఆయనకు ఇక్కడికి వచ్చాక కొత్తేమీ కాదు.

కాగితాలు పోయిన తీరు కూడా చెప్పుకోవాలి. 1807లో హావొడ్, 1858లో విన్‌స్టే అనే జమీందారీ భవనాలు తగలబడ్డాయి. వాటితో పాటే లైబ్రరీల్లోని రాతప్రతులూ పోయాయి. అసలు దెబ్బ మాత్రం చట్టం కొట్టింది. 1925 ఆస్తి చట్టంతో అమ్మకానికి ముప్ఫై ఏళ్ల హక్కు చూపిస్తే సరిపోయేది. దాంతో మూడొందల ఏళ్ల నాటి తోలు పత్రం వకీలుకు చెత్త అయిపోయింది. దీపాలకు షేడ్లు చేసేవాళ్లూ వాటిని కొనుక్కుపోయారు. అలాంటి రోజుల్లో ఏ పాదిరి బీరువాలోనో ఉన్నవి బతికి బయటపడ్డాయి.

అలాగని ఈ సేకరణకర్తలను దేవుళ్లను చేయక్కర్లేదు. మైనం ముద్ర బాగుందని ఒకటి, పాత రాజు పేరుందని ఇంకొకటి ఏరుకుంటే మిగతా కట్ట అర్థం లేకుండా పోతుంది. పత్రం ఏ ఇంట్లో, ఏ కాగితాల పక్కన ఉండేదో రాసుకోకపోతే సగం సాక్ష్యం పోయినట్టే. పాతకాలంలో ఒప్పందాన్ని ఒకే తోలు మీద రెండుసార్లు రాసి, మధ్యలో వంకరటింకరగా కోసి చెరో ముక్క ఇచ్చేవాళ్లు. తగాదా వస్తే రెండు అంచులూ కలిపి చూడాలి. పాదిరి దాచినదాంట్లో ఒక ముక్క ఉంటుంది, జోడీ ముక్క ఆ జమీందారు ఎస్టేటు కాగితాల్లో వేరే నంబరు కింద ఉండవచ్చు. వంకర అంచులు పక్కపక్కన పెట్టి చూసే పని ఇప్పుడు జాబితాలు రాసేవాళ్లది.