రొయ్యల పెట్టె, రంగు నీళ్ళు

కోవూరు దగ్గరి పాటూరులో నూలు అద్దకం చేసే పాఠకుడొకరు ఒక ప్రశ్న పంపారు. రొయ్యలను ఐసుతో సర్ది పంపే థర్మోకోల్ పెట్టెలు పారేసినవి ఎన్నో దొరుకుతాయి కదా, వాటితో అద్దకపు నీటిలో మిగిలిన రంగును తీసివేయవచ్చునట, నిజమేనా? నిజమే, కాని ఏ రంగును అన్నది ముందుగా తేల్చుకోవాలి.

థర్మోకోల్ ఘనపరిమాణంలో దాదాపు 98 శాతం గాలే. మిగిలినది పాలీస్టైరీన్, అంటే పొడవైన కర్బన గొలుసుకు బెంజీన్ వలయాలు వేలాడుతున్న పదార్థం. దానిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపిస్తే వలయంలోని ఒక హైడ్రోజన్ స్థానంలో సల్ఫోనిక్ సమూహం చేరుతుంది. నీటిలో ఆ సమూహం తన హైడ్రోజన్ అయాన్‌ను వదులుకుంటుంది, రుణావేశం మాత్రం గొలుసు మీదనే నిలిచిపోతుంది. 1876లో హైన్రిక్ కారో తయారుచేసిన మిథిలీన్ బ్లూ ధనావేశం గల రంగు కనుక దానికి గట్టిగా అంటుకుంటుంది. సల్ఫోనిక్ సమూహాలు మితిమీరితే పాలీస్టైరీనే నీటిలో కరిగిపోతుంది. అందుకే గొలుసులను ఒకదానితో ఒకటి అడ్డంగా ముడివేయవలసి ఉంటుంది.

బురద నీటి బిందెలో పటిక తిప్పినప్పుడు జరిగేదీ ఆవేశాల పనే. రుణావేశం గల మట్టి రేణువులు ఒకదానినొకటి నెట్టుకుంటూ అడుగుకు దిగవు. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని అణచివేయగానే గుంపుకట్టి దిగిపోతాయి. దిష్టికని గుమ్మానికి కట్టే పటికలో నాకు కనిపించే మహిమ అల్యూమినియం అయాన్ మీది మూడు ధనావేశాలే. బడిలో అధిశోషణానికి, అంటే ఒక పదార్థం మరొకదాని ఉపరితలానికి అంటుకోవడానికి, నిర్వచనం వల్లె వేయించే బదులు గాజు గ్లాసులో ఈ ఒక్కటి చూపిస్తే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది.

ఇలాంటి ప్రయోగాలలో తరచుగా వాడేది మిథిలీన్ బ్లూ. కాని నూలు చిలపలకు ఎక్కువగా అద్దేవి రియాక్టివ్ రంగులు, అంటే నూలుతో రసాయనిక బంధం కట్టే రంగులు, వాటిని నీటిలో కరిగించేది వాటి మీద ఉన్న సల్ఫోనిక్ సమూహాలే. పెట్టె మీద మనం ఎక్కించినదీ అదే సమూహం కనుక రెండూ ఒకదానినొకటి వికర్షిస్తాయి. ఈ రంగులకు కావలసింది ధనావేశం. అట్టపెట్టెలలోని సెల్యులోజుకు క్వాటర్నరీ అమోనియం సమూహాలను, అంటే ధనావేశం గల నత్రజని సమూహాలను, తగిలిస్తే ఆ ధనావేశం వస్తుంది. అట్టను బొగ్గుచేసి ఉత్తేజితం చేస్తే గ్రాముకు వెయ్యి చదరపు మీటర్లను మించిన ఉపరితలం గల కార్బన్‌ను పొందవచ్చు. ఆవేశం విషయంలో దానికి అంత పట్టింపు లేదు, అయితే కొలిమి ఖర్చు ఎక్కువ.

ఇంకొక చిక్కు ఉప్పుతో వస్తుంది. నీటిలో నూలు కూడా రుణావేశం పొందుతుంది కనుక, రంగు దగ్గరకు చేరడానికి తొట్టిలో లీటరుకు పదుల గ్రాముల ఉప్పు వేస్తారు. ఆ ఉప్పులోని క్లోరైడ్ అయాన్లే తరువాత అమోనియం సమూహాల దగ్గర రంగుకు పోటీగా నిలుస్తాయి. కాబట్టి ఆ పాఠకునికి నా సలహా ఏమిటంటే, ఆమ్లం జోలికి ఇంటి దగ్గర పోకుండా, అట్టతో చేసిన పదార్థాన్ని రసాయనశాస్త్రం చెప్పే కళాశాలలో చేయించుకొని, దానిని ముదురు తొట్టి నీటిలో కాక, ఉప్పు చాలావరకు పోయి రంగు ఇంకా కనిపిస్తూ ఉండే మూడో జాడింపు నీటిలో మొదట పరీక్షించాలి.