అరవై పిల్లలను ఎక్కడ పెడతారు?

కాశీబుగ్గ,
ఆదివారం సాయంత్రం.

చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో మీరు మూడు సంగతులు చెప్పారు. కొన్న ఆరు గప్పీ చేపలలో మూడు చచ్చిపోయాయి. మిగిలిన వాటిలో ఒకదానికి పొట్ట ఉబ్బింది. దాని పిల్లలు మరీ ఎక్కువైతే మీ విజయనగరం పెద్దచెరువులో వదిలేస్తారట. మొదటి రెండింటికి ఫోనులోనే జవాబు చెప్పేవాడిని. మూడోది విన్నాక మాత్రం కాగితం తీయక తప్పలేదు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాడికి క్లుప్తంగా రాయడం రాదు, కాస్త ఓపిక పట్టండి.

ముందు చచ్చిపోయిన వాటి సంగతి. మీ గుండ్రటి గాజు గిన్నెలో పట్టేది నాలుగు లీటర్లు. చేపల విసర్జన, తినగా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. కుదురుకున్న తొట్టెలో కంటికి కనబడని బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటూ విషమే. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు కొద్దిగా ఉంటే చేపకు బాధ లేదు, మొక్కలకు ఎరువు. ఈ బాక్టీరియా కొత్త తొట్టెలో సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు గిన్నె కొన్న సాయంత్రమే చేపలను వేశారు. పైగా శుభ్రత పేరుతో రోజూ నీళ్లన్నీ పారబోసి గిన్నె తోమారు. తోడు వెయ్యకుండా పాలు పెరుగు కావాలని చూస్తూ, కాస్త తోడుకుంటున్న గిన్నెను కూడా రోజూ కడిగేసినట్టయింది.

ఆ తోడు నేను పంపుతాను. ఈ వారంలో బాబాయి రైల్లో విజయనగరం వస్తున్నాడు. నా పాత తొట్టె ఫిల్టరులోని స్పాంజి ముక్కను ఆ నీళ్లలోనే ముంచి, డబ్బాలో పెట్టి ఇస్తాను. ఈలోగా నాన్నచేత రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె కొనిపించండి. అందులో యాభై లీటర్లకు పైగా పడతాయి. అంటే యాభై కిలోల బరువు, కాబట్టి చదువుకునే బల్లమీద వద్దు. ఎండ పడే కిటికీ దగ్గర అసలే వద్దు.

మీ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పలను దెబ్బతీస్తుంది, మన తోడునూ చంపుతుంది. బకెట్లలో పట్టి, మూత పెట్టకుండా ఒక రోజంతా ఉంచి వాడండి. ఆ తర్వాత వారానికోసారి పావువంతు నీళ్లు మార్చితే చాలు. మా బోరు నీళ్లలో పప్పు ఉడకదని అమ్మమ్మ రోజూ విసుక్కుంటుంది. గప్పీలకు మాత్రం అలాంటి గట్టి నీళ్లే ఇష్టం. 22 నుంచి 28 డిగ్రీల వేడి వాటికి హాయి, అందుకే మన వైపు హీటరు పెట్టాల్సిన పని దాదాపు ఉండదు. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. మీరు వేసేది చిటికెడు కాదు, గుప్పెడు. నాకు తెలుసు, ఎందుకంటే నేనూ వేశాను.

ఇక ఆ పొట్ట. గప్పీ గుడ్లు పెట్టదు, ఈదే పిల్లలనే కంటుంది. ఆడచేప తోక మొదలుకు ముందు, పొట్ట కింద ఒక నల్లటి మచ్చ ఉంటుంది. నెలలు నిండేకొద్దీ అది ముదురుతుంది. గప్పీకి నెలలంటే మన లెక్కలో దాదాపు నాలుగు వారాలే. పొట్ట గుండ్రంగా కాకుండా పలకగా కనబడితే ఇవాళో రేపో కంటుందని లెక్క. ఒక్క కాన్పులో ఇరవై, ముప్పై, పెద్ద ఆడదైతే అరవై కూడా. వాటిని మొదట తినేది తల్లే. తిట్టకండి, దానికి కదిలే చిన్నదల్లా మేతే. తొట్టెలో నాచు దట్టంగా వేసి, పైన రెండు అంతరతామర మొక్కలు తేలనివ్వండి. వాటి వేళ్లలో దాక్కున్నవి బతుకుతాయి. తల్లిని ఇరుకైన ప్లాస్టిక్ పెట్టెలో వేరు చేయమని దుకాణంలో చెబుతారు. నాకది నచ్చదు, అందులో అది బెదిరిపోతుంది.

పిల్లలకు మేత పొడిని వేళ్లతో మెత్తగా నలిపి వేయండి. ఉడికిన గుడ్డు పచ్చసొన అగ్గిపుల్ల తల అంత చాలు, అంతకు మించితే నీళ్లు కంపు కొడతాయి. ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో పెరిగే అతిచిన్న రొయ్యలాంటి జీవి, దొరికితే ఇంకా మంచిది. మీ దగ్గరి భోగాపురం తీరంలో హేచరీలు రొయ్య పిల్లలకు పెట్టేది అదే. దాని గుడ్లు ఉప్పునీళ్లలో ఒక రోజుకు పొదుగుతాయి.

మగదాన్ని తీసేస్తే పిల్లలు ఆగిపోతారనుకోకండి. ఒకసారి నేను రెండు ఆడచేపలను వేరే సీసాలో వేసి నిశ్చింతగా ఉన్నాను. నెలకు పిల్లలు, మరో నెలకు మళ్లీ పిల్లలు! ఒక్కసారి జత కడితే ఆ బీజాన్ని ఆడచేప నెలల తరబడి దాచుకుంటుంది. అందుకే పిల్లలకు మూడు నాలుగు వారాలు రాగానే విడదీయాలి. పొట్ట కింది రెక్క విసనకర్రలా ఉంటే ఆడది, పుల్లలా సన్నబడుతుంటే మగది. కలిపి ఉంచేటప్పుడు ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. లేకపోతే మగవి వాటిని ఊపిరి తీసుకోనివ్వవు.

రంగుల గురించి బుజ్జిగాడు అడిగాడు. మగదాని రంగుల్లో కొన్ని తండ్రి నుంచి కొడుక్కే వెళతాయి. 1920లో యోహానెస్ ష్మిట్, 1922లో ఓయ్‌విండ్ వింగె, ఇద్దరూ డెన్మార్క్ వాళ్లే, ఈ చేపలోనే దాన్ని పట్టుకున్నారు. మగ పిల్లలకు మాత్రమే వచ్చే వై క్రోమోజోము మీద ఆ రంగు రాసి ఉందన్నమాట. గప్పీల సొంత ఊరు ట్రినిడాడ్, వెనిజులా ప్రాంతం. పేరు, ట్రినిడాడ్ నుంచి వీటిని లండన్‌కు పంపిన రాబర్ట్ గప్పీ అనే ఆయనది. అక్కడి గెడ్డల్లో పెద్ద చేపలు తిరిగే చోట మగ గప్పీలు వెలిసిపోయి ఉంటాయి. జలపాతం పైన, వేటాడే చేపలు ఎక్కలేని చోట, పెళ్లికొడుకుల్లా మెరుస్తాయి. మీ తొట్టెలో వేటాడేవాళ్లు లేరు కదా, ఏది మిగలాలో మీరే చూసుకోవాలి. ఆ మాటతో అసలు సంగతికి వచ్చాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా నెత్తిమీదే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నాకు ఒకే సైజువి రెండు తొట్టెలు. ఒకదాంట్లో పది చేపలు, నిండా నాచు. రెండోదాంట్లో ఎవరికీ ఇవ్వబుద్ధి కాక పోగేసుకున్న ఎనభైకి పైగా చేపలు. గాలి పంపు ఆగిన మొదటి రాత్రికే రెండో తొట్టెలోవి నీళ్లపైకి వచ్చి నోళ్లు తెరిచాయి. చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాను. చేతులు నొప్పెట్టాయే గాని మూడో రోజుకు దాదాపు ఏవీ మిగలలేదు. పక్కనే ఉన్న పది చేపలకు ఏమీ కాలేదు. రెండో తొట్టెలోవాటిని చంపింది తుపాను అని మీ అమ్మతో చెప్పాను. నిజానికి నా ఆశ.

అంతమాత్రాన ఎక్కువైనవాటిని చెరువులో వదలడం దారి కాదు. గుర్రపుడెక్క కూడా గప్పీలాగే దక్షిణ అమెరికాదే. అందమైన పువ్వు కదా అని మన దేశానికి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఎన్ని చెరువులు దానికింద కనబడకుండా పోయాయో బడికి వెళ్లే దారిలో చూడండి. మున్సిపాలిటీ వాళ్లు దోమలకని గంబూసియా చేపలను వదులుతారుగా అని చిన్ని వాదిస్తుంది. నిజమే, గప్పీనీ దోమల కోసమే వదిలారు. కానీ అవి దోమ పిల్లలతో ఆగవు, ఇతర చేపల గుడ్లను, పసిపిల్లలను కూడా తింటాయి. నా చిన్నప్పుడు మా నూతిలో నెత్తిమీద వెండి చుక్క మెరిసే చిన్న చేప ఉండేది. దోమ పిల్లలను అదే తినేది, అది మన ఊరి చేపే. పైడితల్లి అమ్మవారు వెలసిన చెరువని పెద్దలు చెప్పుకునే పెద్దచెరువులో అలాంటివాటి చోటును గప్పీలకు ఇవ్వకండి.

సిరిమానోత్సవానికి నేనూ అమ్మమ్మా వస్తున్నాం. అప్పటికి మీకు ఎన్ని పిల్లలు మిగిలాయో తేదీతో సహా పుస్తకంలో రాసిపెట్టండి. తొట్టెలో పన్నెండు ఉంచుకుని మిగతావి తయారుగా పెడితే, పెద్ద డబ్బాలో వేసుకుని నేను తీసుకెళతాను. ఇక్కడ అడిగేవాళ్లున్నారు.

మీ
తాతయ్య

స్పాంజి మురికిగా ఉందని కుళాయి కింద కడగకండి. అమ్మను కూడా కడగనివ్వకండి.