సోషలిస్టు ముద్ర: అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో నూరేళ్ల భయం

మన దేశంలో ఏ పార్టీ అయినా ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం సూత్రాలకు కట్టుబడి ఉంటామని తన నియమావళిలో రాసుకోవాలి. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షన్ ప్రకారం 1989 నుంచి ఇది తప్పనిసరి. అమెరికాలో అదే మాట ఎదుటి అభ్యర్థి మీద మోపే నేరం. అక్కడ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే మనవాళ్లు కమ్యూనిస్టు పార్టీతో ఎప్పుడైనా సంబంధం ఉందా అన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు రాయాలి. ఖమ్మంలోనో విజయవాడలోనో ఎర్రజెండాల ఊరేగింపులు చూస్తూ పెరిగినవాళ్లకు ఈ భయం ఎందుకో ఒక పట్టాన అంతుపట్టదు.

మొదట్లో అమెరికాలోనూ ఇంత భయం లేదు. ఇండియానాకు చెందిన రైల్వే కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్ 1894 నాటి పుల్‌మన్ సమ్మె నడిపి ఆరు నెలలు జైల్లో ఉన్నారు. 1900 నుంచి 1920 వరకు ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశారు. 1912లో ఆయనకు సుమారు 9 లక్షల ఓట్లు, అంటే 6 శాతం వచ్చాయి. ఓక్లహోమాలో అయితే 16 శాతం దాటాయి. అప్పుల్లో కూరుకుపోయిన కౌలు రైతులు అక్కడ ఆ పార్టీకి వెన్నెముక. ఈ రోజు రిపబ్లికన్లకు కంచుకోట అనుకునే రాష్ట్రం అది! వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ బీమా, బాలకార్మిక నిషేధం, మహిళలకు ఓటు హక్కు అప్పటి సోషలిస్టు ప్రణాళికలోని డిమాండ్లు. రాష్ట్రాల వారీగా ఉండి అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో డెబ్స్‌కు ఒక్కటీ రాలేదన్నది నిజమే. రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచినవాడికే ఆ ఓట్లన్నీ దక్కే పద్ధతిలో మూడో పార్టీ ఏదైనా నలిగిపోతుంది. తప్పంతా ముద్ర మీదికి నెట్టడం సరికాదు.

పరిస్థితి తలకిందులైంది యుద్ధంతో. అమెరికా 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది, సోషలిస్టు పార్టీ వ్యతిరేకించింది. ఆ ఏడాదే గూఢచర్య చట్టం వచ్చింది. 1918 జూన్ 16న ఒహాయోలోని కాంటన్ పట్టణంలో డెబ్స్ ఒక పార్కులో మాట్లాడారు. సైన్యంలో నిర్బంధ చేరికను వ్యతిరేకించినందుకు ముగ్గురు సోషలిస్టులు శిక్ష అనుభవిస్తున్న జైలు అక్కడికి దగ్గర్లోనే ఉంది. వాళ్లను చూసి వచ్చి మాట్లాడుతున్నానని ఆయన సభికులకు చెప్పారు. ఆ ఉపన్యాసానికి గూఢచర్య చట్టం కింద పదేళ్ల శిక్ష పడింది. ఒక్క మనిషైనా జైల్లో ఉన్నంత కాలం నేను స్వేచ్ఛాజీవిని కానని ఆయన కోర్టులో అన్న మాట ఇన్నేళ్ల తర్వాత చదివినా గుండె పట్టేస్తుంది. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా శిక్షను ఖాయం చేసింది. 1920లో ఆయన అట్లాంటా జైలు నుంచే పోటీ చేశారు. అభిమానులు పెట్టుకున్న బిళ్లల మీద ఆయన ఖైదీ నంబరు 9653 ఉండేది. ఓట్లు మళ్లీ 9 లక్షలు దాటాయి. అయితే మహిళల ఓటుతో మొత్తం ఓట్లు బాగా పెరగడం వల్ల వాటా 3.4 శాతానికి పడిపోయింది. 1921 డిసెంబరులో అధ్యక్షుడు హార్డింగ్ శిక్ష తగ్గించి విడుదల చేశారు.

అప్పటికే రష్యా విప్లవం వచ్చింది, వలస కార్మికుల ఇళ్ల మీద అటార్నీ జనరల్ పామర్ చేయించిన దాడులు జరిగాయి, న్యూయార్క్ శాసనసభ ఎన్నికైన ఐదుగురు సోషలిస్టులను బయటికి పంపేసింది. అంతవరకు ఆర్థిక వాదంగా ఉన్నది దేశద్రోహం కిందికి మారింది. ఇదే అసలు మలుపు అని నా అభిప్రాయం.

ఆ తర్వాత ఆ పార్టీ పేరుతో నార్మన్ థామస్ ఆరుసార్లు నిలబడ్డారు. మహామాంద్యం నడుమ, 1932లో కూడా 2 శాతం దాటిందంతే. అంతకంటే ఎక్కువ చెప్పేది రచయిత అప్టన్ సింక్లెయిర్ అనుభవం. సోషలిస్టుగా కాలిఫోర్నియాలో పోటీ చేసినప్పుడు ఆయనకు వచ్చినవి సుమారు 60 వేల ఓట్లు. 1934లో డెమోక్రాట్‌గా మారి, కాలిఫోర్నియాలో పేదరికం అంతం చేద్దామన్న నినాదంతో గవర్నర్ పదవికి నిలబడితే 8 లక్షల 79 వేలు వచ్చాయి. ఓడిపోయారు, కానీ తేడా చూడండి. అమెరికన్లు సోషలిజాన్ని తీసుకుంటారు గానీ ఆ పేరును మాత్రం తీసుకోరని 1951లో థామస్‌కే ఉత్తరం రాశారు.

పేరు వద్దన్నవాళ్లకు మాత్రం ఈ నింద పెద్దగా తగల్లేదు. 1928లో డెమోక్రాట్ల అభ్యర్థి అయిన ఆల్ స్మిత్ 1936 జనవరిలో సొంత పార్టీ అధ్యక్షుడు రూజ్వెల్ట్ మీదే సోషలిస్టు ఆరోపణ చేశారు. ఆ నవంబరులో రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. 1952లో అధ్యక్షుడు ట్రూమన్ ఈ మాటను జనాన్ని బెదిరించే మాటగా తేల్చి, సామాజిక భద్రత, రైతుకు మద్దతు ధర, బ్యాంకు డిపాజిట్ల బీమా అన్నింటినీ ఇలాగే సోషలిజం అన్నారని గుర్తుచేశారు. వృద్ధులకు ప్రభుత్వ వైద్యం అంటే సోషలిజమేనని 1961లో రోనాల్డ్ రీగన్ గొంతుతో గ్రామఫోన్ రికార్డు పంచారు. ఆ వైద్యం మెడికేర్ పేరుతో 1965లో వచ్చేసింది. దానికి కోత పెట్టనని చెప్పే 2016లో ట్రంప్ ఓట్లడిగారు. 2008 అక్టోబరులో సంపద నలుగురికీ పంచితే మంచిదన్న ఒబామా మాట పట్టుకుని ప్రత్యర్థి మెకెయిన్ శిబిరం ఇదే పాట పాడింది. ఒబామా 365 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు.

2020లో డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన బెర్నీ శాండర్స్ సంగతి వేరు. ఆయన ఆ పేరును కాదనలేదు. 1981లో వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ మేయర్‌గా కేవలం 10 ఓట్ల ఆధిక్యంతో గెలిచి, అక్కడి నుంచి ప్రతినిధుల సభకు, సెనేట్‌కు వెళ్లారు. నగరాల్లో ఇది కొత్త కాదు. మిల్వాకీని ముగ్గురు సోషలిస్టు మేయర్లు పాలించారు, వాళ్లలో డేనియల్ హోన్ 24 ఏళ్లు ఉన్నారు. 2025 నవంబరులో జోహ్రాన్ మమ్దానీ న్యూయార్క్ గెలిచారు. మేయర్‌ను జనం నీళ్లు, డ్రైనేజీ, అద్దెలు చూసి కొలుస్తారు. అధ్యక్షుడి దగ్గరికి వచ్చేసరికి జెండా, సైన్యం, విదేశీ శత్రువు అన్నీ గుర్తొస్తాయి.

గ్యాలప్ సంస్థ 2020 మొదట్లో ఒక సర్వే చేసింది. మీ పార్టీ అర్హుడైన వ్యక్తిని నిలబెడితే, ఆ వ్యక్తి ఫలానా అయితే ఓటేస్తారా అన్నది ప్రశ్న. నల్లజాతి అభ్యర్థికి 96 శాతం, మహిళకు 93 శాతం, ముస్లింకు 66 శాతం, నాస్తికుడికి 60 శాతం సరేనన్నారు. సోషలిస్టుకు 45 శాతం. జాబితాలో అట్టడుగున నిలిచింది ఆ ఒక్కటే. అయితే డెమోక్రాట్లలో 76 శాతం వేస్తామన్నారు. అంటే డెమోక్రాట్ ఓటరుకు శాండర్స్ మీద అంత వ్యతిరేకత లేదు. ఆ ఓటరు టెన్షన్ పక్కింటివాడి ఓటు గురించి. ఈ ముద్ర అసలు దెబ్బ తీసేది నవంబరు ఎన్నికలో కాదు, అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీ లోపల జరిగే ప్రైమరీల్లో. 2020 ఫిబ్రవరి 22న శాండర్స్ నెవాడా గెలిచారు. మర్నాడే ఒక టీవీ ఇంటర్వ్యూలో కాస్ట్రో అక్షరాస్యతా కార్యక్రమాన్ని మెచ్చుకోవడంతో దుమారం రేగింది. వారం తిరగకుండా సౌత్ కరోలినాలో బైడెన్‌కు 48 శాతం పైగా, శాండర్స్‌కు 20 శాతం వచ్చాయి. వెంటనే మిగతా పోటీదారుల్లో పలువురు బైడెన్ వెనక చేరారు. బైడెన్ గెలిచిన చాలా రాష్ట్రాల్లో ఎగ్జిట్ పోల్స్ చూస్తే, ప్రైవేటు బీమా బదులు ప్రభుత్వ వైద్య బీమా కావాలన్నవాళ్లే సగానికి పైగా ఉన్నారు. అది శాండర్స్ విధానం, బైడెన్‌ది కాదు. ట్రంప్‌ను ఎవరు ఓడించగలరన్న లెక్క మిగతా అన్నింటినీ మింగేసింది.

ముద్ర తప్పించుకుందామనుకున్న పార్టీ తప్పించుకుందా? ఆగస్టు 31న పిట్స్‌బర్గ్‌లో బైడెన్ తాను అతివాద సోషలిస్టులా కనిపిస్తున్నానా అని అడగాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో, క్యూబా, వెనెజువెలా నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాల మధ్య, ట్రంప్ శిబిరం స్పానిష్ భాషలో ఇదే ప్రచారం చేసింది. వాళ్ల భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, వాళ్లు అనుభవించి వచ్చినవాళ్లు. మయామీ-డేడ్ కౌంటీలో 2016లో హిల్లరీ క్లింటన్‌కు 29 పాయింట్ల ఆధిక్యం ఉంటే బైడెన్‌కు 7 మాత్రమే మిగిలింది, రాష్ట్రం ట్రంప్‌కే దక్కింది. అదే రోజు అదే బ్యాలెట్ మీద కనీస వేతనాన్ని దశలవారీగా గంటకు 15 డాలర్లకు పెంచే ప్రతిపాదన కూడా ఉంది. శాండర్స్ ఏళ్ల తరబడి అడిగిన అంకె అది. దానికి ఫ్లోరిడా ఓటర్లలో దాదాపు 61 శాతం సరేనన్నారు.