డేటా మనది, దారి ఎవరిది?

బ్రౌజర్‌లో ఒక పేజీ తెరవగానే మన అభ్యర్థన ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా బయలుదేరి అవతలి సర్వర్‌కి చేరుతుంది, జవాబు వచ్చేస్తుంది. అవి ఎవరి నెట్‌వర్క్‌ల గుండా, ఏ దేశాల మీదుగా వెళ్లాయో మనకి ఎవరూ చెప్పరు. తెలుసుకున్నా, ఆ దారి వద్దనే వీలు లేదు. పాస్‌వర్డ్ మన ఇష్టం, కుకీలు మన ఇష్టం, దారి మాత్రం కాదు. ఇందులో కొంతైనా మన చేతికి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

వెళ్లే దారిని చూడటం వరకు ఇప్పుడే సాధ్యం. కంప్యూటర్‌లో ట్రేస్‌రూట్ అనే కమాండ్ ఉంటుంది. ప్రతి ప్యాకెట్‌లోనూ టీటీఎల్ అనే అంకె ఉంటుంది. రౌటర్ (ప్యాకెట్లని ముందుకి పంపే యంత్రం) దాటిన ప్రతిసారీ అది ఒకటి తగ్గుతుంది. సున్నాకి చేరితే ఆ రౌటర్ ప్యాకెట్‌ని పారేసి, పంపినవాళ్లకి కబురు పెడుతుంది. ట్రేస్‌రూట్ ఆ అంకెని 1, 2, 3 అని పెంచుతూ ప్యాకెట్లు పంపి, కబురు పెట్టిన రౌటర్ల చిరునామాలు వరసగా చూపిస్తుంది. కొన్ని రౌటర్లు జవాబివ్వవు, అక్కడ నక్షత్రం గుర్తులే కనిపిస్తాయి. తిరుగుదారి వేరే అయితే అది అసలే కనిపించదు.

ఈ దారుల్ని తేల్చేది 1989లో మొదలైన బీజీపీ అనే ప్రోటోకాల్. ఇంటర్నెట్‌లో డెబ్బై వేలకు పైగా స్వతంత్ర నెట్‌వర్క్‌లున్నాయి. 'ఈ చిరునామాలకి నా మీదుగా వెళ్లొచ్చు' అని ఒక్కొక్కటీ పక్కవాటికి ప్రకటిస్తుంది. వచ్చిన ప్రకటనల్లో దేన్ని పట్టుకోవాలో ఆ నెట్‌వర్క్ యజమాని ఇష్టం. అక్కడ సాధారణంగా దూరం కంటే డబ్బుదే పైచేయి: తనకి డబ్బు కట్టేవాళ్ల వైపు ముందు, తాను కట్టాల్సినవాళ్ల వైపు చివర. అందుకే ఒకే నగరంలో ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య డేటా మరో దేశం చుట్టి రావడం జరుగుతూనే ఉంటుంది. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు, కాబట్టి 5,000 కిలోమీటర్ల చుట్టుదారికి 25 మిల్లీసెకన్లు ఎక్కువ పడతాయి. ఆలస్యమైతే సర్దుకుపోవచ్చు. కానీ ఎన్‌క్రిప్షన్ మాటల్ని దాస్తుందే తప్ప, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది దారిలో ఉన్నవాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది.

పైగా బీజీపీ ప్రకటనని నమ్మేస్తుంది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ని ఆపబోయి, ఆ సైట్ చిరునామాల్లో 256 తనవేనని ప్రకటించింది. అంతకుముందు యూట్యూబ్ 1,024 చిరునామాలని ఒకే ముక్కగా ప్రకటించుకుంది. రెండు ప్రకటనలున్నప్పుడు రౌటర్లు చిన్న ముక్కనే ఎంచుకుంటాయి. అంతే, ప్రపంచంలో చాలాచోట్ల నుంచి యూట్యూబ్‌కి వెళ్లాల్సిన డేటా పాకిస్తాన్ వైపు మళ్లి, దాదాపు రెండు గంటలు సైట్ అందలేదు. చిరునామా అసలు ఎవరిదో తేల్చే ఆర్‌పీకేఐ అనే తనిఖీ ఇప్పుడు చాలా నెట్‌వర్క్‌లలో ఉంది. అయితే అది యజమానిని చూస్తుంది, మధ్యలోని దారిని కాదు.

దారి ఎంపిక వాడుకరికి ఇద్దామన్న ఆలోచన పాతదే. ఇంటర్నెట్‌లో ప్యాకెట్లు ఎలా ఉండాలో చెప్పే 1981 నాటి ఐపీ ప్రమాణంలోనే 'ఈ రౌటర్ల మీదుగా వెళ్లు' అని ప్యాకెట్‌లో రాసే వీలుంది. దాడి చేసేవాళ్లు దాన్ని వాడుకున్నారు. దాని కొత్త రూపమైన ఐపీవీ6లో వచ్చిన ఇలాంటి ఏర్పాటైతే మరీ ప్రమాదం: ఒకే ప్యాకెట్‌లో రెండు రౌటర్ల చిరునామాలు మార్చి మార్చి రాస్తే అది ఆ రెండింటి మధ్యే తిరుగుతూ లైన్‌ని నింపేసేది. 2007 డిసెంబరులో దాన్ని ప్రమాణం నుంచి తీసేశారు. ఎవరి అనుమతీ లేకుండా ఎవరి నెట్‌వర్క్‌లోనైనా దారి గీసే అధికారం ఇవ్వడమే అక్కడ జరిగిన పొరపాటు.

2011లో ఏడ్రియన్ పెరిగ్ అనే పరిశోధకుడి బృందం ప్రతిపాదించిన సైయన్ అనే కొత్త ఇంటర్నెట్ పద్ధతిలో నాకు నచ్చింది సరిగ్గా ఈ చోటే. ఇందులో నెట్‌వర్క్‌లు తాము ఒప్పుకున్న దారుల్ని ముందే ప్రకటిస్తాయి. ప్రతి నెట్‌వర్క్ తన వంతు ముక్కపై తన రహస్య తాళంతో ఒక ముద్ర వేస్తుంది. మన కంప్యూటర్ ఆ దారుల్లో ఒకటి ఎంచుకుని, ముద్రలతో సహా ప్యాకెట్‌లోనే పెడుతుంది. రౌటర్ తన ముద్ర సరిచూసుకుని ముందుకి పంపుతుంది, సొంతంగా అల్లిన దారైతే పారేస్తుంది. ఎంపిక మనది, అనుమతి వాళ్లది. ఒక దారి తెగితే కొత్త ప్రకటనల కోసం ఎదురుచూడకుండా చేతిలో ఉన్న ఇంకో దారికి వెంటనే మారిపోవచ్చు. 2021లో స్విట్జర్లాండ్ బ్యాంకుల కోసం ఆ దేశ కేంద్ర బ్యాంకు, సిక్స్ అనే ఆర్థిక సేవల సంస్థ కలిసి మొదలుపెట్టిన నెట్‌వర్క్ దీని మీదే నడుస్తోంది.

ఇళ్లకి ఎందుకు రాలేదంటే, బ్యాంకులు దీనికి డబ్బు కడతాయి, మామూలు కనెక్షన్ కొనేవాళ్లకి అడగాలనే తెలియదు. ఖరీదైన దారిని అందరూ ఎంచుకుంటే ఆ ఖర్చు ఎవరు భరించాలో కూడా తేలాలి. పేర్లు వేరైన రెండు దారులు సముద్రం అడుగున ఒకే కేబుల్‌లో ఉండొచ్చు, దాన్ని కూడా నెట్‌వర్క్‌లు బయటపెట్టాలి. ఇక ప్రతి క్లిక్‌కీ దారి అడిగితే ఎవరూ భరించలేరు. ఫలానా దేశం మీదుగా వద్దు, వీడియో కాల్‌కి ఆలస్యం తక్కువుండాలి లాంటి నాలుగైదు సెట్టింగులు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కసారి పెట్టుకుంటే, మిగతా లెక్క అదే చూసుకోవాలి.