బంగారు రోబో లోపల 42 ఏళ్లు: ముసుగు వేషాల మీద అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో నాటకాలు వేసుకుంటూ, పిల్లలకి మూకాభినయం నేర్పుకుంటూ ఉంటాను నేను. మా దగ్గరకొచ్చే కుర్రాళ్లలో కొంతమంది ఆదివారాలు బీచ్ రోడ్డులోనో, ఏ షాపు ఓపెనింగ్‌లోనో ఎలుగుబంటి, పాండా డ్రెస్సులు వేసుకుని పాకెట్ మనీ సంపాదించుకుంటారు. క్లాసుకొచ్చి వాళ్లే అడుగుతారు, "ఏటి మాస్టారూ, మొహమే కనబడదు కదా, దానిక్కూడా యాక్టింగేటి?" అని. అలా అడిగినోళ్లందరికీ నేను ఒకాయన గురించి చెప్తాను. ఇంగ్లండ్ నటుడు ఆంథొనీ డేనియల్స్. స్టార్ వార్స్ అనే హాలీవుడ్ అంతరిక్ష సినిమాల్లో ప్రతిదానికీ కంగారుపడిపోతూ, ఆ కంగారులో కూడా మర్యాద తప్పకుండా మాట్లాడే బంగారు రంగు రోబో ఉంటుంది చూడండి, సీ-త్రీపీఓ, అది ఆయనే. 1977లో మొదలెట్టి 2019 దాకా ఆయనే. ప్రధాన కథలో ఉన్న తొమ్మిది సినిమాల్లోనూ కనబడో వినబడో ఉన్న నటుడు ఆయనొక్కడే. లా చదువు మధ్యలో వదిలేసి డ్రామా స్కూల్‌కి వెళ్లినాయన, మైమ్ (అదే, మూకాభినయం) తెలిసినాయన, రేడియో నాటకాలు చేసినాయన. ఈ మూడోది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

అపోహ: డ్రెస్సు లోపల ఎవడున్నా ఒకటే.

ఇది నిర్మాతలకి బాగా ఇష్టమైన అపోహ, ఎందుకంటే రేటు తగ్గించొచ్చు. అసలు విషయం ఏంటంటే ఆ రోబోకి కనుబొమ్మ కదలదు, నోరు కదలదు, కంటిరెప్ప లేదు, చేతులు మోచేతుల దగ్గర సగం వంగే ఉంటాయి, అడుగు పొడుగ్గా పడదు. మామూలు నటుడికి ఉండే సామానులో ముప్పావు వంతు ముందే లాగేసుకున్నట్టు. మిగిలింది మెడ, భుజాలు, నడక, ఆగడం. ముఖ్యంగా ఆగడం. ముసుగుని కొంచెం కిందకి వంచితే దాని మీద పడే లైటు మారుతుంది, అదే మొహం దిగులుగా కనిపిస్తుంది, పక్కకి తిప్పి ఆపితే ఆశ్చర్యంగా కనిపిస్తుంది, ఇది నాటకంలో మాస్కు పెట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే. డేనియల్స్ ఆ బంగారు మొహంతో చేసింది ఇదే. జపాన్‌లో హరువో నకజిమా అని ఇంకొకాయన 1954 నుంచి 1972 వరకు 12 సినిమాల్లో గాడ్జిల్లా డ్రెస్సు వేశాడు, దానికోసం టోక్యోలో జూకెళ్లి ఏనుగులు, ఎలుగుబంట్లు ఎలా నడుస్తున్నాయో చూస్తూ కూర్చున్నాడు. మన దసరా పులివేషం వాళ్లని చూడండి, మంచి పులికీ చెడ్డ పులికీ తేడా రంగులో ఉండదు, నడుములో ఉంటుంది.

అపోహ: గొంతు ఎలాగూ తర్వాత డబ్బింగే కదా.

డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగాం కాబట్టి మనకి ఇది సహజంగా వచ్చే ఆలోచన. నిజంగానే కొన్ని పాత్రలు అలాగే కుట్టారు. అదే స్టార్ వార్స్‌లో నల్ల ముసుగు విలన్ డార్త్ వేడర్‌ని తీసుకోండి, ఒళ్లు డేవిడ్ ప్రౌస్‌ది, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది, 1983 సినిమాలో చివరికి ముసుగు తీస్తే కనిపించే మొహం సెబాస్టియన్ షా అనే మూడో ఆయనది. బాగా వచ్చింది, కాదనట్లేదు. సీ-త్రీపీఓ విషయంలో కూడా ఆ మొదటి సినిమా తీసిన జార్జ్ లూకస్ మొదట్లో వేరే గొంతు పెడదామనే అనుకున్నాడు, పాత కార్లు అమ్మే బ్రోకర్ లాంటి గొంతు, చాలామందిని వినిచూశాడు, ఏదీ అతకలేదు. ఎందుకు అతకలేదో నాటకం వేసినవాడికి చెప్పక్కర్లేదు, ఆ మెడ తిరిగేది ఆ మాట విరుపుకే, ఆ చేతులు లేచేది ఆ ఊపిరికే. లోపల ఆయన మాట్లాడుతూనే నటించాడు కాబట్టి తర్వాత స్టూడియోలో మళ్లీ రికార్డు చేసినా ఒంటికీ గొంతుకీ సందు రాలేదు.

ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైంది. ఆ రోబో పక్కనే గుండ్రంగా డబ్బాలా తిరిగే ఆర్టూ-డీటూ ఉంటుంది కదా, ఇద్దరూ ఎప్పుడూ కీచులాడుకుంటూ ఉంటారు. షూటింగ్‌లో ఆ డబ్బా ఒక్క శబ్దం కూడా చెయ్యదు. ఆ ఈలలూ కూతలూ అన్నీ తర్వాత బెన్ బర్ట్ అనే సౌండ్ ఆయన సింథసైజర్‌తో, తన సొంత గొంతుతో చేసి కలిపాడు. అంటే డేనియల్స్ ఎదుట మౌనం. అవతలివాడు ఏమన్నాడో తనే ఊహించుకోవాలి, దానికి పట్టే టైము వదలాలి, విన్నట్టు మెడ తిప్పాలి, అప్పుడు విసుక్కోవాలి. రేడియో నాటకం చేసిన చెవి లేకపోతే ఇది అయ్యే పని కాదు. ఒంటరిగా ఫోన్ మాట్లాడే సీను సరిగ్గా చెయ్యలేని సీనియర్లని నేను కళాభారతి స్టేజీ మీదే చూశాను, పేర్లెందుకు లెండి. 1981లో స్టార్ వార్స్‌ని అమెరికాలో రేడియో నాటకంగా చేసినప్పుడు డేనియల్స్ ఒళ్లు లేకుండా గొంతుతోనే చేశాడు, 1999 సినిమాలో రోబో తొమ్మిదేళ్ల పిల్లోడు తయారుచేసిన తీగలూ ఎముకలూ లాంటి బొమ్మ, దాన్ని ఆడించింది ఇంకొకాయన, గొంతు మాత్రం ఈయనదే.

అపోహ: అన్నేళ్లు ఒకే వేషమంటే ఎదుగుదల లేనట్టే.

ఈ మాట తెలుగువాళ్లు అనడం నాకు భలే వింతగా ఉంటుంది. మన ఉత్తరాంధ్ర పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడు వేస్తుంటే, స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తుంటే, ఎన్నేళ్లు అదే వేషం అని ఎవరడిగారు? పడక సీను కథ తెలియక వచ్చేవాళ్లా జనం? పద్యం వాళ్లకీ వచ్చు, ఇవాళ ఎలా ఎత్తుకుంటాడో వినడానికి వచ్చేవాళ్లు, నచ్చితే వన్స్ మోర్ అని అరిచేవాళ్లు. సినిమాలో ఇంకో కష్టం ఉంది, డైరెక్టర్లు మారిపోతారు. 1977లో లూకస్, 1980లో ఇర్విన్ కెర్షనర్, 1983లో రిచర్డ్ మార్క్వాండ్, 2015లో జె.జె. ఏబ్రమ్స్, 2017లో రియాన్ జాన్సన్. కొత్తగా వచ్చినాయనకి తన సినిమా తెలుసు గానీ ఈ పాత్ర ఎక్కడ తడబడుతుందో, ఏ మాట అస్సలు అనదో లోపలున్నవాడికే తెలుసు. అదే సినిమాల్లో చ్యుబాకా అనే వెంట్రుకల పాత్ర వేసిన పీటర్ మేహ్యూ కూడా, మోకాళ్లు సహకరించక తప్పుకునేటప్పుడు, ఫిన్లాండ్ నుంచి వచ్చిన జోనాస్ సువోటమోకి దగ్గరుండి నడక నేర్పాడు. డ్రెస్సు అప్పగిస్తే సరిపోదని ఆయనకి తెలుసు మరి.

అపోహ: లోపల సుఖంగా నుంచుంటే చాలు.

మే నెలలో రుషికొండ దగ్గర పాండా డ్రెస్సులో అరగంట ఉండి అప్పుడు చెప్పండి. డేనియల్స్ మొట్టమొదటి రోజు ట్యునీషియా ఎడారిలో, డ్రెస్సు తొడగడానికే రెండు గంటలు పట్టింది, నాలుగడుగులు వేసేలోపు కాలి ముక్క పగిలి పాదంలో గుచ్చుకుంది. పక్కచూపు లేదు, కూర్చునే వీలు లేదు, ఏటవాలు చెక్కకి ఆనుకుని సేద తీరడమే.

అపోహ: ఇప్పుడన్నీ కంప్యూటరే, ఈ విద్య అయిపోయింది.

2015 సినిమాకి డేనియల్స్‌ని గొంతు మాత్రం ఇస్తావా అని అడిగితే కుదరదన్నాడు, ఒళ్లు కూడా నాదే అన్నాడు. త్రీడీ ప్రింటింగ్‌తో తేలికైన కొత్త డ్రెస్సు చేశారు. చివరి సినిమా వచ్చేసరికి ఆయనకి 73 ఏళ్లు. కంప్యూటర్ బొమ్మకి కూడా చాలాసార్లు కదలికలు తీసుకునేది ఎవడో ఒక నటుడి ఒంటి మీద నుంచే కదా.

అపోహ: ముసుగు వేషానికి పేరు రాదు.

ఇది మాత్రం పూర్తిగా అపోహ అనలేను. 1977 ఆగస్టులో హాలీవుడ్ చైనీస్ థియేటర్ ముందు సిమెంటులో పాదముద్రలు వేయించినప్పుడు వేసింది సీ-త్రీపీఓ, అక్కడ రాసింది దాని పేరే, పాదాలు డేనియల్స్‌వి. 2002 సినిమాలో ఒక క్లబ్బు సీన్లో ముసుగు లేకుండా ఊరికే అలా కనబడతాడు, ఎంతమంది గుర్తుపట్టారంటారు? అందుకే మా నాటకాలకి కరపత్రం వేయించేటప్పుడు ఎలుగుబంటి వేసిన కుర్రాడి పేరు కూడా హీరో పేరు సైజులోనే వేయిస్తాం, ప్రింటింగ్ ప్రెస్సాయన ప్రతిసారీ "ఇది కూడానా మాస్టారూ" అంటూనే ఉంటాడు.