క్రాంకు విరిగేది మూలలోనే

బాలానగర్‌లో క్రాంక్‌షాఫ్టులు గ్రైండింగ్ చేసే చిన్న షెడ్డు ఒకటుంది. మొన్న మా బావమరిది కారు క్రాంకు రెండు ముక్కలై అక్కడికి చేరింది. మామూలు పెట్రోలు కారే. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. టర్బో ఉంది కదా అని ట్యూనింగ్ మార్పించి, దాని సత్తా చూడటం మొదలుపెట్టాడు. ట్యూనింగ్ చేసినవాడే ముంచాడని వాడి బాధ. మేస్త్రీ మాత్రం విరిగిన ముఖాన్ని వెలుతురుకు తిప్పి, "ఇది ఒక్క రోజుల ఇరిగింది కాదు సార్, చూడుండ్రి" అన్నాడు.

చూస్తే నిజమే. ఒక మూల దగ్గర మొదలై, ఆల్చిప్ప మీద ఉన్నట్టు వంపు గీతలు, ఒకదాని వెనక ఒకటి. అవి ఆగిపోయిన చోటి నుంచి లోహం పటికబెల్లం విరిచినట్టు గరుకుగా ఉంది. గీతలున్నంత మేర చీలిక రోజుల తరబడి పాకింది. గరుకుగా ఉన్న భాగం చివర్లో ఒక్కసారిగా తెగింది. లోహపు అలసట అనేది దీన్నే.

క్రాంకు చేసే పని తెలియాలంటే కాలితో తొక్కే కుట్టుమిషన్ని గుర్తు తెచ్చుకుంటే చాలు. పాదం కిందికీ పైకీ ఆడుతుంది, చక్రం గుండ్రంగా తిరుగుతుంది. ఇంజన్లో పాదం స్థానంలో పిస్టన్ ఉంటుంది. పైన మంట దాన్ని కిందికి తోస్తుంది కాబట్టి క్రాంకును విరిచేది ఆ తోపుడే అనుకుంటాం. అది కొంతవరకే నిజం. ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, పెరిగేకొద్దీ పిస్టన్ సొంత బరువే క్రాంకుకు పెద్ద శత్రువు అవుతుంది. ఎందుకంటే పిస్టన్ పైకి వెళ్లిన ప్రతిసారీ ఆగి, వెనక్కి తిరగాలి. దాన్ని పట్టి లాగాల్సింది క్రాంకే.

మన వీధుల్లో తిరిగే క్లాసిక్ 350 బుల్లెట్ పిస్టన్ 85.8 మిల్లీమీటర్ల దూరం ఆడుతుంది. దాని పూర్తి శక్తి 6,100 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. 1999లో వచ్చిన హోండా ఎస్2000 కారులో పిస్టన్ ఆడే దూరం 84 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంతే. కానీ అది 9,000 దాకా తిరుగుతుంది. వేగం సుమారు ఒకటిన్నర రెట్లే, బలం మాత్రం రెండు రెట్లకు పైనే, ఎందుకంటే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్కేస్తే, ఎస్2000 పిస్టన్ పైన వెనక్కి తిరిగే క్షణంలో దాని మీద పడే త్వరణం భూమ్యాకర్షణకు సుమారు 4,800 రెట్లు. నాలుగొందల గ్రాముల పిస్టన్ ఆ క్షణంలో దాదాపు రెండు టన్నుల బరువై లాగుతుందన్నమాట. అది కూడా సెకనుకు 150 సార్లు.

మరి 18,000 ఆర్‌పీఎం తిరిగిన ఫార్ములా వన్ ఇంజన్ సంగతేమిటి? 2006 నుంచి 2013 దాకా వాడిన 2.4 లీటర్ల వీ8లో (ఎనిమిది సిలిండర్లు 'వీ' ఆకారంలో ఉండే ఇంజన్) సిలిండర్ వెడల్పు 98 మిల్లీమీటర్లు. లెక్క కడితే పిస్టన్ ఆడే దూరం 40 మిల్లీమీటర్ల లోపే. అందుకే దాని సగటు పిస్టన్ వేగం సెకనుకు 24 మీటర్లు. ఎస్2000ది 25! రోడ్డు కారుదే కాస్త ఎక్కువని మొదటిసారి లెక్కేసినప్పుడు నేను నమ్మలేక మళ్లీ కట్టి చూశాను. ఆ దూరం తక్కువైతే ఇంకో లాభం ఉంది. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ పట్టుకునే పిన్ను, మెయిన్ జర్నల్‌కు (క్రాంకు బేరింగులో కూర్చుని తిరిగే గుండ్రని భాగానికి) దగ్గరగా వస్తుంది. కొస నుంచి చూస్తే రెండు నాణేలు ఒకదాన్నొకటి సగం కప్పినట్టుంటాయి. ఆ కప్పిన మేరంతా గట్టి లోహమే.

ఇక అందరూ వాదించుకునే సంగతి: వరసగా ఆరు సిలిండర్లా, వీ8ఆ? వరస ఆరులో పిస్టన్ల అదుర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నడక వెన్నలా ఉంటుంది. కానీ క్రాంకు పొడుగు. పొడుగైన క్రాంకు తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. ఒకానొక ఆర్‌పీఎం దగ్గర ఆ మెలికి ఊయల ఊపు దొరికితే విరిగేదాకా పోతుంది. ముందు కొసన ఆ ఊపును అణిచే, రబ్బరు పొర ఉన్న డ్యాంపర్ పుల్లీ పెట్టేది అందుకే. టయోటా 2జేజెడ్ ఇంజన్ పేరు చెప్పి "వరస ఆరు అంటేనే గట్టిది" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. దాని గట్టిదనం ఫోర్జ్ చేసిన క్రాంకుది, ఏడు మెయిన్ బేరింగులది, పోత ఇనుప బ్లాకుది. జర్నల్ మందం సంగతి చూడండి: 50 మిల్లీమీటర్లను 60 చేస్తే మెలికి తట్టుకునే బిగువు రెట్టింపు అవుతుంది. అయితే బేరింగులో ఒరిపిడీ, నూనె వేడీ పెరుగుతాయి.

వీ8లో ఒక్కో పిన్ను మీద రెండు రాడ్లు కూర్చుంటాయి. క్రాంకు పొట్టిగా, బిగువుగా ఉంటుంది. పిన్నులు నాలుగు దిక్కులకు ఉండే క్రాస్ ప్లేన్ అయితే నున్నగా తిరుగుతుంది, కానీ ఎదురుబరువులు ఎక్కువ. పిన్నులన్నీ ఒకే తలంలో ఉండే ఫ్లాట్ ప్లేన్ తేలిక, చప్పున ఆర్‌పీఎం అందుకుంటుంది, అడ్డంగా అదురుతుంది. ఫెరారీలది ఈ దారే. షెవ్రొలే కొర్వెట్ జెడ్06 కూడా 5.5 లీటర్ల ఫ్లాట్ ప్లేన్‌తో 8,600 దాకా వెళ్లింది.

లోహం సంగతికొస్తే, పాతకాలం వడ్రంగులు నాగలికి వంపు తిరిగిన కొమ్మనే వెతికేవాళ్లు. తిన్నని దుంగను వంపుగా చెక్కితే నార తెగి, అక్కడే విరుగుతుంది. ఫోర్జింగ్ అంటే ఉక్కుకు ఆ వంపు కొమ్మ గుణం తెప్పించడం. ఎర్రగా కాల్చి అచ్చులో నొక్కితే లోహపు నార క్రాంకు వంపుల వెంటే సాగుతుంది. దిమ్మె నుంచి చెక్కిన బిల్లెట్ క్రాంకుల్లో నార తెగుతుంది, కాబట్టి ఉక్కే మేలురకం అయ్యుండాలి. లోపల మలినపు రేణువు ఒక్కటున్నా చీలిక అక్కడే పుడుతుంది. మన కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధానిలో కొన్ని రకాల ఉక్కును శూన్యంలో మళ్లీ కరిగించేది ఈ శుభ్రత కోసమే. రోజూ ఆఫీసుకు పోయే కారుకు పోత ఇనుప క్రాంకు చాలు. జీవితాంతం నడుస్తుంది.

మా వాడి క్రాంకు లోహం బాగానే ఉంది. తప్పంతా మూలలో ఉంది. పిన్ను దాని పక్క చెంపను కలిసే చోట సన్నని గుండ్రపు వంపు ఉంటుంది. మెకానిక్కులు ఫిల్లెట్ అంటారు. షాంపూ ప్యాకెట్ మీది గాటు దగ్గరే ఎలా చిరుగుతుందో, ఆ వంపు పోయి మూల పదునెక్కితే బలమంతా అక్కడ పోగుపడుతుంది. చాలా కంపెనీలు ఆ వంపును రోలర్లతో గట్టిగా నొక్కుతాయి, చీలిక నోరు తెరవకుండా. వీడికి అమ్మినవాడు ఎప్పుడో ఎక్కడో పిన్నుల్ని అర మిల్లీమీటరు గ్రైండ్ చేయించాడు. గ్రైండింగ్ రాయి అంచును గుండ్రంగా దిద్దకుండా చేసినట్టున్నారు, మూల కత్తిలా తేలింది. మూడు వేల ఆర్‌పీఎంలో గంట నడిస్తే క్రాంకు 1,80,000 చుట్లు తిరుగుతుంది. ట్యూనింగ్ దాని ఆయుష్షును తగ్గించిందే గానీ, చీలికను పుట్టించింది ఆ మూలే.

మేస్త్రీ రెండు పాత క్రాంకులు తెచ్చి, తాడుతో వేలాడదీసి సుత్తితో మెల్లగా కొట్టాడు. ఎండాకాలం కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తామే, అలాగే. మొదటిది మొద్దుగా పలికింది, పక్కన పెట్టేశాడు. రెండోది గంటలా మోగింది. చెవికి అందని చీలికలు ఉంటాయని దానికి అయస్కాంతం పట్టించి ఇనుప పొడి చల్లాడు. పొడి ఎక్కడా గీతకట్టలేదు.

"అయితే ట్యూనింగ్ ఉంచుకోవచ్చా భాయ్?" అన్నాడు మా వాడు.

"క్రాంకు పాసయింది. నీ సంగతి నన్నడగకు" అని మేస్త్రీ ఫిల్లెట్ గేజీ తీసుకుని మూలలు కొలవడం మొదలుపెట్టాడు.